పెద్ద అంగడులు – కాయకధర్మము

ఒక ఊరికి పెద్ద అంగడి వచ్చుచున్నదను వార్త పుట్టిన నాడే ఆ ఊరి జనులు రెండు పక్షములుగా చీలుదురు. "అభివృద్ధి వచ్చినది" అని ఒక పక్షము సంతసించును. "చిన్న వర్తకుని నోట మన్ను పడినది" అని రెండవ పక్షము వాపోవును. ఇరుపక్షములవారును తూచుటకు ముందే తీర్పు చెప్పుచున్నారు. బసవేశ్వరుడు కల్యాణపురమున బిజ్జలుని కొలువులో భండారియై లెక్కలు చూచినవాడు. ఆయనను గురువుగా తలచు మనకు తూనిక ముందు, తీర్పు తరువాత అను క్రమము తగియున్నది. కావున ఈ వ్యాసమున ఒక్క ప్రశ్ననే విచారించెదను. పెద్ద అంగడి వలన సమాజమునకు కలుగు మేలుకీడులను ధర్మదృష్టితో ఎట్లు తూచవలెను?

ఈ ప్రశ్న నాకు మా వీధిలోనే ఎదురైనది. మా ఎలమంచిలి రైలుస్టేషనును, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారియును గల చిన్న పట్టణము. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నము జిల్లాలో ఉండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరినది. మా వీధి మొదట ఒక కిరాణా కొట్టు కలదు. దాని యజమాని నాయొద్ద పదవ తరగతి వరకు తెలుగు చదివినవాడు. 2020లో కరోనా నిర్బంధము వచ్చి, ప్రభుత్వము మా మార్చి నెల జీతములో సగము వాయిదా వేసినప్పుడు, అతడు అడుగకుండనే బియ్యము, పప్పు, నూనె మా గడపలో పెట్టించి ఖాతా పుస్తకములో వ్రాసికొనెను. ఎప్పుడిత్తురని ఒక్కమారైనను అడుగలేదు.

రెండేండ్లు గడచిన పిమ్మట రహదారి ప్రక్కను ఒక పెద్ద అంగడి తెరచిరి. మా అబ్బాయి ప్రోద్బలముతో నేనును అచటికి పోవ నారంభించితిని. నెలకు సుమారు రూ. 300 మిగులుచుండెను. ఒకనాటి సాయంకాలము రెండు చేతులను సంచులతో తిరిగివచ్చుచు, మా కొట్టు దగ్గరపడగానే నేను రోడ్డు దాటి ఆవలి ప్రక్కకు పోయితిని. నేను దొంగతనము చేయలేదు. నా ధనముతో నాకు నచ్చినచోట సరకులు కొంటిని. అయినను ఎందుకు దాటితిని? నాడు నాకు సమాధానము తోచలేదు. ఆ సమాధానమును వెదకుటయే ఈ వ్యాసమునకు మూలము.

మొదట పెద్ద అంగడి పక్షమున చెప్పదగినవి చెప్పవలెను. చిన్న కొట్టునకు సరకు చేరులోపల కంపెనీ ప్రతినిధి, పంపిణీదారు, టోకు వర్తకుడు అను పలువురు తమ తమ లాభములు తీసికొందురు. పెద్ద అంగడి కంపెనీ యొద్దనే లారీల కొలది కొనును. అందుచే నడిమివారి లాభము మిగులును. అందులో కొంత కొనువానికి దక్కును. ప్రతి వస్తువుపై ధర కనబడును. చేతికి రసీదు వచ్చును. అచ్యుతాపురము ప్రత్యేక ఆర్థిక మండలిలోని బట్టల కర్మాగారములకు తెల్లవారకముందే బస్సెక్కి చీకటి పడిన పిమ్మట ఇల్లు చేరు ఆడపడుచునకు, కావలసినవన్నియు ఒక్కచోట దొరకుట చిన్న ఉపకారము కాదు.

వీటికంటె పెద్ద మాట ఒకటి కలదు. పాతకాలపు కొట్లన్నియు ధర్మసత్రములు కావు. ఒక కులము వానిని మెట్టు క్రింద నిలబెట్టి, సరకును ఎత్తునుండి కొంగులో జారవిడిచిన కొట్లు మన పల్లెలలో ఉండెను. అరువుపై బ్రతుకు కూలివాడు ధర అడుగలేడు. తూకము తగ్గినను నోరు విప్పలేడు. పెద్ద అంగడిలో ఎవడైనను లోనికి పోయి, తన చేతితో తానే వస్తువును తీసి చూచి, నచ్చనిచో మరల పెట్టివేయవచ్చును. జన్మచేత ఒకడు తక్కువవాడన్న భావమును త్రోసివేసిన బసవేశ్వరుని అనుయాయులకు ఇది అల్పవిషయము కారాదు. చిన్న అంగడి మీది ప్రేమతో ఈ సత్యమును దాచినచో మన తూకములోనే మోసము చేరును.

ఇక రెండవ పళ్ళెము. పెద్ద అంగడి వలన ఉద్యోగములు వచ్చునందురు, వచ్చుననుట నిజమే. కాని వచ్చు ఉద్యోగము ఇరువదియేండ్ల యువకునికి. పోవు జీవనము ఏబదియేండ్ల కొట్టువానిది. ఒకరికి బదులు మరొకరు అని లెక్కలో సరిపెట్టవచ్చునేగాని జీవితములో సరిపడదు. మూతబడిన కొట్టు యజమాని తన ముప్పదియేండ్ల అనుభవమును ఎవరికి అమ్మును? వీధిలో ఎవరి ఇంట పథ్యము నడుచుచున్నదో, ఎవరికి ఎంత అరువు ఇయ్యవచ్చునో, ఎవరు బాకీ ఎగవేయరో అతడెరుగును. ఆ ఎరుకకు పెద్ద అంగడి గల్లా పెట్టెయొద్ద వెల లేదు.

వస్తువులు చేయువారి మాటయును ఆలోచింపవలెను. మా పట్టణమునకు చేరువనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక కలదు. అంకుడు కఱ్ఱను కుందముపై త్రిప్పి, లక్కకు చెట్ల వేళ్ళు, బెరళ్ళు, ఆకుల నుండి తీసిన రంగులు కలిపి అచటివారు చేయు బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. చేతితో చేసిన రెండు బొమ్మలు అచ్చముగా ఒక్కతీరున ఉండవు. పెద్ద అంగడికి కావలసినది వేల కొలది ఒక్కతీరు సరకు, చెప్పిన తేదీకి, చెప్పిన ధరకు. పైగా అమ్ముడుపోయిన కొన్ని వారములకుగాని సొమ్ము చేతికి రాకపోవుట ఆ వర్తకములో సాధారణము. కంపెనీ దానికి ఓర్చుకొనును. ఇంటనే కుందము నడుపు కళాకారుడు గాని, అప్పడములు ఒత్తి బ్రతుకు గృహిణి గాని ఓర్చుకొనజాలరు. అంగడి పెద్దదైన కొలది దాని ద్వారము చిన్న ఉత్పత్తిదారునికి ఇరుకగును.

రెండు పళ్ళెములును ఎదుట ఉన్నవి. ఇప్పుడొక చిక్కు వచ్చును. వేయి ఇండ్లకు ఇంటికి మూడేసి వందలు మిగిలినవనుకొందము. పది కొట్లు మూతబడినవనుకొందము. కూడి చూచినచో లాభమే హెచ్చుగా కనబడును. కాని లాభము వేయిమందికి పలుచగా పంచబడినది. నష్టము పదిమందిపై చిక్కగా పడినది. నాకు మిగిలిన రూ. 300 నా బ్రతుకును మార్చలేదు. అతని కొట్టు మూతబడినచో అతని బ్రతుకే మారును. అయితే అదే రూ. 300 రోజుకూలి ఇంట పిల్లలకు పాలు కావచ్చును. కావున కూడిక మాత్రమే ధర్మము కాదు. కూడికను త్రోసివేయుటయును ధర్మము కాదు. మరి దేనిని పట్టుకొనవలెను?

నాకు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్ర దారి చూపినది. ఆయ్దక్కి యనగా కన్నడమున ఏరిన బియ్యము. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన గింజలను ఏరి తెచ్చుటయే మారయ్య కాయకము. ఆ గింజలతోనే ఆ దంపతులు జంగమార్చన జరుపుచుండిరి. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. మనకు కావలసినదానికి మించి ఎందుకు తెచ్చితివని నిలదీసి, ఆ ఎక్కువ గింజలను తిరిగి అచటనే పోసి రమ్మని పంపెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు, నేలపై రాలినదే. అయినను ఆ తల్లి ఎక్కువ ఎక్కడినుండి వచ్చినదని అడిగెను.

చౌక విషయమునను అడుగవలసిన ప్రశ్న ఇదియే. తగ్గిన ఈ ధర ఎక్కడినుండి తగ్గినది? ఎవని వాటా ఇందులో కలిసినది?

చౌకకు మూడు మూలములు కనబడుచున్నవి. మొదటిది నేర్పు. వృథా తగ్గించి, నడిమివారిని తగ్గించి, సరకు చెడకుండ నిలువచేసి ధర దించినచో అది కాయకము వలన పుట్టిన చౌక; దానిని స్వీకరించుటలో దోషము లేదు. రెండవది బలము. కొన్న ధరకంటె తక్కువకు కొన్నాళ్ళు అమ్మి, ఇరుగుపొరుగు కొట్లు మూతబడిన పిమ్మట ధర పెంచుట. తప్పించుకొన దారిలేని రైతును, చిన్న తయారీదారుని పిండి ధర దించుట. నిలువుకాళ్ళపై పండ్రెండు గంటలు పని చేయించి కూలి తగ్గించుట ఈ కోవలోనివి. ఇట్టి చౌక మరియొకని పళ్ళెములోని అన్నము. మూడవది ప్రజాధనము. ఊరందరిదియైన భూమిని, నీటిని, దారిని తక్కువ వెలకు పొంది, ఆ మిగులుతో ధర దించినచో, మనము ఒక చేత్తో పుచ్చుకొనుచున్నది మరియొక చేత్తో మనమే ఇచ్చినది.

ఈ మూడవదానికి మన విశాఖపట్నముననే ఉదాహరణములు కలవు. పోర్టుకు చెందిన సాలగ్రామపురము భూమిలో సుమారు 17 ఎకరములలో రహేజా సంస్థవారి ఇనార్బిట్ మాల్‌కు 2023 ఆగస్టు 1న శంకుస్థాపన జరిగినది. సముద్రతీరమున హార్బరు పార్కు యొద్ద లులు సంస్థవారి కట్టడమునకు 2018లో శంకుస్థాపన జరిగి, 2019లో ప్రభుత్వము మారిన పిమ్మట కేటాయింపు రద్దై, 2025లో సుమారు 14 ఎకరములు మరల కేటాయింపబడినవి. వీటిని గూర్చి నగరమున వాదప్రతివాదములు నడచినవి. ఆ కట్టడములు రాదగునా, రారాదా అని తేల్చుట నా ఉద్దేశము కాదు. ప్రజల భూమి ఇచ్చునప్పుడు అడుగదగిన ప్రశ్నలు మాత్రము కొన్ని కలవు. బహిరంగ వేలములో వచ్చు అద్దె ఎంత? ఒప్పుకొన్న అద్దె ఎంత? చెప్పిన ఉద్యోగములు రానిచో భూమి తిరిగి వచ్చునా? ఆ వీధులలో బండ్లపై అమ్ముకొనువారు ఎచటికి పోవుదురు?

పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున ఒక వృత్తాంతము కలదు. బసవన్న రాజభండారమును జంగములకు ధారపోయుచున్నాడని గిట్టనివారు బిజ్జలునికి చాడీలు చెప్పిరి. బసవన్న కోపింపలేదు, నా భక్తిని శంకింతురా యనలేదు. పెట్టెలు తెరిపించి లెక్కింపజేసెను, సొమ్ము చెక్కుచెదరలేదు. ప్రజల సొమ్మును చేతబట్టినవాడు లెక్క అడిగినవానిని శత్రువుగా చూడరాదని ఆ కథ వలన నేను గ్రహించినది. అధికారులకును, నాయకులకును, మన సంఘముల పెద్దలకును ఇది సమానమే.

ఇతర దేశములవారును ఈ తూనికను చేసి చూచిరి. ఫ్రాన్సులో 1963లో కారెఫూర్ సంస్థ తొలి మహావిపణిని తెరచినది. పదేండ్లలో చిన్న వర్తకుల ఆందోళన పెరుగగా 1973లో రాయే చట్టము వచ్చినది. కొంత వైశాల్యము దాటిన అంగడి కట్టవలెనన్న స్థానిక సంఘము అనుమతి కావలెను. నాటి ఆ సంఘమున ప్రజాప్రతినిధులు, వర్తకులు, వినియోగదారుల ప్రతినిధులు కూర్చుండెడివారు. మాట వినుటకు మంచిదే. కాని ఆచరణలో అనుమతులు అమ్ముడుపోవుచున్నవన్న అపవాదులు వచ్చినవి. పెద్ద అంగడులు పెరుగుట ఆగలేదు. జపానులోను 1973లోనే ఇట్టి చట్టము చేసిరి. 2000లో దానిని తీసివేసి, పోటీని ఆపుటకు బదులు రాకపోకల ఒత్తిడి, చప్పుడు, చెత్త మొదలగు ఇరుగుపొరుగు బాధలను చూచు క్రొత్త చట్టము తెచ్చిరి.

మన దేశమున 2012లో కేంద్రప్రభుత్వము బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకమున 51 శాతము వరకు విదేశీ పెట్టుబడిని అనుమతించుచు, ఒప్పుకొనుటయో మానుటయో రాష్ట్రములకు విడిచి, 30 శాతము కొనుగోలు చిన్న పరిశ్రమలనుండి చేయవలెనని నియమము పెట్టినది. 2014లో వీధి వర్తకుల రక్షణకు చట్టము వచ్చినది. దాని ప్రకారము పట్టణ విక్రయ సంఘమున 40 శాతమునకు తగ్గకుండ వీధి వర్తకులే సభ్యులుగా ఉండవలెను. వారిలో మూడవ వంతు స్త్రీలు. అంతకు ముందే 1999లో ఆంధ్రప్రదేశమున రైతుబజారులు మొదలైనవి. దళారి లేకుండ రైతే తన కూరగాయలను తానే అమ్ముకొను చోటు అది. చౌక కావలెనన్న ఎవనినో మింగవలసిన పని లేదని ఆ బజారులు చూపినవి.

వీటినుండి నేను గ్రహించినది రెండు మాటలు. నష్టపోవువాడు తూనిక జరుగు చోట కూర్చుండవలెను. అతడు లేని సభలో చేసిన తీర్పు అన్యాయమే. కాని తక్కెడ పిడి అతని చేతికే ఇయ్యరాదు. ఇచ్చినచో పోటీ రాకుండ చేసికొని తన తప్పుడు తూకమును, పాత అహంకారమును నిలుపుకొనును. అతని మాట వినవలెను. తీర్పు మాత్రము ఊరి మేలునుబట్టి జరుగవలెను.

కావున మావంటి చిన్న పట్టణములలో చేయదగినవి కొన్ని కలవు. పెద్ద అంగడికి కట్టడపు అనుమతి ఇచ్చుటకు ముందే పురపాలక సంఘమువారు కొట్లవారిని, బండ్లవారిని, కొనువారిని పిలిచి వినవలెను. బండ్లు నిలుపు చోటు, మురుగు నీటి దారి, ద్వారమున కూర్చుండు కూరగాయల అవ్వలకు స్థలము మొదటనే నిర్ణయింపవలెను. కొట్లవారు పదిమంది కలసి ఉమ్మడిగా టోకున కొన్నచో నడిమి లాభము వారికిని మిగులును. ఒంటరిగా వేడుకొనుటకంటె కలసి కొనుట మేలు. వారు తమ ఇల్లును చక్కబెట్టుకొనవలెను: సరియైన తూకము, ధర పట్టిక, వచ్చిన ప్రతివానికి సమాన గౌరవము. మన సమాజమున వర్తకము కాయకముగా గలవారు ఈ విషయమున ముందుండవలెను.

కొనువారి సంగతి మిగిలినది. రోడ్డు దాటిన కొన్నాళ్ళకు నేను సిగ్గు విడిచి ఆ కొట్టునకు పోయితిని. ఇకనుండి నెల సరకులు నీయొద్దనే కొందునంటిని. అతడు నవ్వి ఇట్లనెను: "జాలి బేరం వద్దు మాష్టారూ. అక్కడ చవగ్గా ఉన్నది అక్కడే కొనుక్కోండి. నాకు ఒక్కటే బాధ. వీధిలో అందరూ నగదు పట్టుకెళ్ళి అక్కడ ఇస్తున్నారు, నెలాఖరుకి అరువు కోసం నా దగ్గరకొస్తున్నారు. నగదంతా అక్కడికీ, అరువంతా ఇక్కడికీ అయితే నేను పంపిణీవాడికి ఏం ఇవ్వను?"

నేను పాఠము చెప్పిన పిల్లవాడు నాకు పాఠము చెప్పెను. నేను రోడ్డు ఎందుకు దాటితినో నాకు అప్పుడు తెలిసినది. పెద్ద అంగడిలో కొనుట నా తప్పు కాదు. 2020లో నన్ను ఆదుకొన్న ఆ నమ్మకమును మాత్రము అట్టిపెట్టుకొని, దానిని బ్రతికించు నగదును వేరొకచోట ఇచ్చుట నా తప్పు. అరువు ఇయ్యగల కొట్టు ఊరిలో ఉండవలెనని కోరుచు, దానిని నిలుపు బరువును పొరుగువానిపై వేసితిని. నాకు మిగిలిన రూ. 300లో కొన్ని గింజలు అతనివి.

ఇప్పుడు మా ఇంట ఒక ఏర్పాటు చేసికొంటిమి. బియ్యము, పప్పులు, నూనె, బెల్లము వీధి కొట్టులోనే, నగదు ఇచ్చి కొనుచున్నాము. అతనియొద్ద లేనివి మాత్రము పెద్ద అంగడికి పోయి తెచ్చుకొందుము. నెలకు నూటయేబది రూపాయల వరకు ఎక్కువగుచున్నది. దీనిని దానమని నేననను. తిరిగి ఇయ్యవలసినది ఇచ్చుట దానము కాదు. ఎవరి స్థితినిబట్టి వారు ఈ లెక్క చేసికొందురు గాక. కూలివాడు చౌకవైపే పోయినచో అతనిని తప్పుపట్టు హక్కు జీతము తీసికొను నాకు లేదు. కాని మిగులు గలవారమైన మనము, సంచి నింపుకొని ఇల్లు చేరిన పిమ్మట, లక్కమ్మ అడిగిన ప్రశ్నను ఒక్కమారు అడుగుకొనుట మంచిది.

శరణు శరణార్థి.